వెంకటగిరియప్ప అనుమానం నిద్రపోయింది

మా ఇంటి ఓనరు వెంకటగిరియప్ప గుడికి వెళ్తే ఒక చెప్పు తూర్పు గేటు దగ్గర, ఇంకొకటి పడమటి గేటు దగ్గర విడిచేవాడు. జత లేని చెప్పును ఏ దొంగా ముట్టుకోడని ఆయన సిద్ధాంతం. చెప్పులు ఎప్పుడూ పోలేదు, నిజమే. కానీ దేవుడి ముందు నిలబడ్డంతసేపూ ఆయన మనసు రెండు గేట్ల మధ్య తిరుగుతూనే ఉండేదని ఆయన భార్య నంజమ్మ అనేది.

నా పేరు కృపమ్మ. మాది తెనాలి పక్క పల్లె. ఇక్కడ ఒక నర్సింగ్ హోములో నర్సుని. బొమ్మనహళ్ళిలో వాళ్ళ మేడమీద వాటాలో చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్నాను. ఇల్లు అడగడానికి వచ్చిన రోజున వెంకటగిరియప్ప నా ఆధార్ కార్డు చూశాడు, నర్సింగ్ సర్టిఫికెట్ చూశాడు, మా పాస్టరుగారి ఫోన్ నంబరు అడిగాడు. అంతటితో ఆగలేదు. ఆదివారం మా చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, నేను నిజంగానే ప్రార్థనకు వస్తానో లేదో చూసుకుని వెళ్ళాడు. ప్రసంగం బాగుందనీ, కానుకల సంచి పట్టుకున్న మనిషి చూపు మాత్రం బాగాలేదనీ చెప్పి ఇల్లు ఇచ్చాడు. ఆ మనిషి మా పాస్టరుగారి తమ్ముడు.

వాళ్ళది కోలారు పక్క. తాతల నాటి నుంచి కన్నడ గడ్డ మీదే ఉన్న తెలుగువాళ్ళు. ఆయన ఉద్యోగమంతా ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా గడిచింది. బయటికి వెళ్ళే ప్రతి బండినీ ఆపి సోదా చెయ్యడం ఆయన పని. ఒకసారి యజమాని కారు డిక్కీ కూడా తెరిపించాడు. యజమాని భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ హుషారులో మర్నాడు యజమాని బావమరిది డిక్కీ తెరిపించాడు. ఆ రోజు మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు.

రిటైరయ్యాక ఆయనకు మా ఇల్లే గేటైంది. గ్యాస్ సిలిండరు వస్తే తెచ్చిన మనిషి చేతే కాటాకు వేలాడదీయించేవాడు. పాల ప్యాకెట్టును ఎండకు ఎత్తి పట్టి చూసేవాడు. నేను ట్యాంకు నీళ్ళు ఎక్కువ వాడుతున్నానని అనుమానమొస్తే మేడమీదికి వచ్చి పైపుకు చెవి ఆనించేవాడు. అద్దెకున్న ఆడమనిషి స్నానం చేస్తుంటే పైపుకు చెవి ఆనించే ఓనరుతో ఎలా వేగానో ఆ ప్రభువుకే తెలియాలి.

నా సంగతి సరే, నెలకొకసారి పోట్లాడి మనశ్శాంతి తెచ్చుకునేదాన్ని. నంజమ్మ సంగతి వేరు. తెల్లారిందని ఆమె చెబితే బయటికి వెళ్ళి చూసొచ్చే మనిషి ఆయన. స్టవ్ ఆపానంటే బస్టాపు నుంచి వెనక్కి వచ్చి చూసేవాడు. తాళం వేశానంటే ఆ తాళాన్ని పట్టి లాగేవాడు. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. పండక్కి పట్టుచీర కట్టుకోవాలంటే ఆమె ఆయన వెనకాలే బీరువా దాకా నడవాలి.

ఒకసారి నేను కోపంగా, నిన్ను దొంగ అనుకుంటున్నాడా ఏమిటక్కా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“దొంగ అనుకుంటే పోట్లాడొచ్చు కృపమ్మా. ఈయప్ప అట్ల అనుకోడు. నా మాట మీద ఆయనకి కాలు నిలవదు, అంతే. నేను చచ్చేలోపల ఒక్కసారి, నువ్వు చూసినావు కదా, చాల్లే, అంటే నాకు అదే పదివేలు.”

అంత చిన్న కోరికకు దారి ఆయన తల లోపలి నుంచి వస్తుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ముందు తలనొప్పి మొదలైంది. నేనిచ్చిన మాత్ర మీద తారీకు చెరిగిపోయిందని ఆయన వేసుకోలేదు. ఒకరోజు పొద్దున వీధిలో బండి మీద ఆకుకూరలమ్మే తిరుపాలు దగ్గర నిలబడి, కొత్తిమీర కట్ట విప్పి లోపల గడ్డి పెట్టాడేమోనని వెతుకుతూ వెతుకుతూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తిరుపాలే ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాడు. స్కానింగులో మెదడులో చెవి పక్క భాగాన చిన్న గడ్డ కనబడింది. క్యాన్సరు కాదు, తీసేస్తే సరిపోతుందన్నారు.

ఆపరేషన్ చేసే డాక్టరును వెంకటగిరియప్ప పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఇలాంటివి ఎన్ని చేశారు, చేయించుకున్నవాళ్ళందరూ ఉన్నారా, వాళ్ళలో ఒకరి ఫోన్ నంబరు ఇస్తారా అని అడిగాడు. తీసిన గడ్డ తనకు చూపించాలన్నాడు. చూపిస్తామన్నారు. అది తనదేనని గ్యారంటీ ఏమిటన్నాడు. డాక్టరు ఓపికున్నవాడు కాబట్టి ఆపరేషన్ థియేటరుకు వెళ్ళేదాకా కత్తి పట్టుకోలేదు.

ఆపరేషన్ ముందు మరోసారి స్కానింగు మిషనులోకి వెళ్ళేటప్పుడు ఒంటి మీద ఇనుము ఉండకూడదంటే బీరువా తాళంచెవి తీయాల్సివచ్చింది. భార్య చేతికి ఇవ్వడానికి మనసు రాలేదు. దాన్ని రుమాలులో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, చట్నీపొడి ఉండాది, కింద పెట్టొద్దు అని నంజమ్మకు ఇచ్చాడు. చట్నీపొడి డబ్బాలో గలగలమని మోగింది. ఆమె నా వంక చూసింది, నేను గోడ వంక చూశాను. నాకు వచ్చిన నవ్వు ఆమె కళ్ళు చూశాక పోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండో రోజు మెలకువ బాగా వచ్చాక నంజమ్మ ఆ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిరిగి ఆమె వైపు తోశాడు.

“నీ దగ్గరే పెట్టుకోవే. నువ్వు చూసుకుంటావు కదా, చాలు.”

నంజమ్మ వరండాలోకి పరుగెత్తి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మత్తు ఇంకా దిగలేదేమో అక్కా అన్నాను. నా నోటికి ఎప్పుడూ సమయం సందర్భం లేదు.

మత్తు కాదు. ఇంటికి వచ్చాకా అలాగే ఉన్నాడు. గ్యాస్ మనిషి వస్తే, లోపల పెట్టప్పా అన్నాడు. భయపడిపోయిన ఆ మనిషి తనంతట తానే సిలిండరును కాటాకు తగిలించి చూపించి వెళ్ళాడు. స్టవ్ ఆపావా అని ఆయన అడిగితే నంజమ్మ ఆపానంది. సరే పద అని బస్టాపుకు నడిచాడు, వెనక్కి తిరగలేదు. ఆమెకే నమ్మకం కుదరక వెనక్కి వచ్చి స్టవ్ చూసుకుని వెళ్ళింది. ఆ వారమంతా నంజమ్మ తలలో పూలు పెట్టుకుని తిరిగింది. నా ట్యాంకు నీళ్ళ గురించి అడిగే నాథుడు లేడు. నేను తలారా స్నానం చేశాను.

తర్వాత ఒకరోజు, ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు వచ్చి, అర్జంటు పని, సిల్క్ బోర్డు దాకా వెళ్ళొస్తానని స్కూటరు అడిగాడు. వెంకటగిరియప్ప స్కూటరుతో పాటు హెల్మెట్టు కూడా ఇచ్చి, జాగ్రత్తగా పోప్పా అని సాగనంపాడు. ఇక ఆ బండికి నీళ్ళు వదులుకోవాల్సిందే అనుకున్నాం. సాయంత్రానికి ఆ మనిషి వచ్చాడు, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, హ్యాండిలుకు ఒక హస్తం అరటిపండ్లు తగిలించి. వెంకటగిరియప్ప పండు వలుచుకుంటూ, లోకం బాగుండాది కదా అన్నాడు.

కానీ లోకమంతా అరటిపండ్లు తెచ్చేది కాదు కదా. నీళ్ళ ఫిల్టరు అమ్మేవాడు ఒకడు వచ్చాడు. వాడి వెనకాలే ఇంకో కంపెనీవాడు, వాడి వెనకాలే మరొకడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి గోడకు మూడు ఫిల్టర్లు వేలాడుతున్నాయి. నీళ్ళు మూడు చోట్ల స్నానం చేసుకుని గ్లాసులోకి దిగేవి. ఇంకోరోజు ఫోన్ వచ్చింది, కరెంటు తీసేస్తాం, ఓటీపీ చెప్పండి అని. ఈయన వాడితో, ఉండప్పా, కండ్లద్దాలు తెచ్చుకుంటా, పాపం ఎంతసేపటి నించి లైన్లో ఉండావో అంటున్నాడు. నంజమ్మ వచ్చి ఫోన్ లాక్కుని రాగిపిండి డబ్బాలో పూడ్చేసింది. డబ్బాలోంచి వాడు ఇంకాసేపు హలో హలో అన్నాడు.

చెకప్ కోసం వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాం. వాళ్ళు ఆశ అనే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. మెదడు దెబ్బతిన్నవాళ్ళ జ్ఞాపకం, బుద్ధి, తీరు పరీక్షించడం ఆమె పని. చిన్న వయసు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినే మనిషి. ఆమె బల్ల మీద ఒక్కొక్క ఫొటో పెడుతూ, ఈ మనిషిని ఎంత నమ్మవచ్చో ఒకటి నుంచి ఐదు లోపల మార్కులు వెయ్యమంది. వెంకటగిరియప్ప అందరికీ ఐదు వేశాడు. ఒక ఫొటోలో మనిషిని చూస్తే నాకే చేతిసంచి దగ్గరికి లాక్కోబుద్ధయింది. ఎర్రటి కళ్ళు, వంకర నవ్వు. వెంకటగిరియప్ప జాలిపడ్డాడు. పాపం, నిద్ర లేనట్లుండాది అని ఆ మనిషికీ ఐదు వేశాడు.

డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉంటుందట. కొత్త మొహం కనబడితే జాగ్రత్త అని గంట కొట్టడం దాని పనుల్లో ఒకటి. ఆపరేషన్ తర్వాతి వాపు వల్ల ఈయనలో ఆ గంట మోగడం లేదనుకుంటున్నానంది. అరుదుగా ఇలా జరుగుతుందట. మరి నమ్మకమంతా ఆ గింజలోనే ఉంటుందా అని నంజమ్మ అడిగింది. కాదమ్మా, అది మొహం చూసి బెదరడం వరకే, ఏళ్ళ తరబడి ఒక మనిషి నడత చూసి మెల్లగా కట్టుకునే నమ్మకానికి వేరే భాగాలు పనిచెయ్యాలి అంది. వాపు తగ్గడానికి మాత్రలు రాసింది. కొన్ని నెలల్లో పాత మనిషి తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ఖాయంగా చెప్పలేనంది.

ఆసుపత్రి మెట్ల మీద నంజమ్మ ఆగిపోయింది. ఆయన ముందు నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ళకూ దండం పెడుతున్నాడు.

“ఆ మాత్ర ఇయ్యకపోతే ఏమయితాది కృపమ్మా?”

నాకు ఒళ్ళు మండింది. వాపు అలాగే ఉంటే మళ్ళీ ఫిట్స్ వస్తాయి, నర్సు దగ్గర అడగాల్సిన మాటేనా అది అని కసిరాను. ఆమె రెండు మెట్లు దిగింది.

“ఇస్తాలే. అడిగితే తప్పేముండాది? ఇన్నేండ్లకి మొగుడు నన్ను నమ్మినాడు. ఇప్పుడు నా చేత్తోనే మాత్ర ఏసి దాన్ని పోగొట్టుకోవల్ల కదా, అందుకే అడిగితిని.”

నేను మళ్ళీ కసరలేకపోయాను. ఆమె మాత్రలు ఇచ్చింది. కానీ పనికిమాలిన చుట్టానికి రెండోసారి వడ్డించినట్టు ఇచ్చేది. నేను రోజూ కిందికి దిగి మాత్రల అట్ట చూసివచ్చేదాన్ని. ఆమెను అనుమానించడం నాకు సిగ్గుగానే ఉండేది. ఆ ఇంటి గాలి అలాంటిది మరి.

ఇది ఇలా నడుస్తుండగా తిరుపాలు సంగతి జరిగింది. ఒకరోజు పొద్దున బీరువాలోంచి పెన్షన్ కాగితం తీసుకోవాలని ఆయన నంజమ్మ దగ్గర తాళంచెవి తీసుకున్నాడు. ఆ పని ముగించుకుని టీకి బేకరీకి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక తిరుపాలు మా గేటు దగ్గరికి వచ్చి నంజమ్మను పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది. చేతిలో బీరువా తాళంచెవి.

“అమ్మా, పొద్దున మీ ఆయప్ప ఇది నా చేతికిచ్చి, జోబులో గుచ్చుకుంటాది, పెట్టుకోప్పా అని పోయినాడు. దీన్ని పెట్టుకుని నేను ఇంకో వీధికి పోలేకపోతిని. వ్యాపారం పోయె. తీసుకో తల్లీ, నీకు దండం పెడతా.”

నంజమ్మ లోపలికి వెళ్ళి మొగుణ్ణి అడిగింది. ఆయన పేపరు చదువుతూ తల కూడా ఎత్తలేదు. నీకిచ్చినట్లే ఆయప్పకిస్తిని, ఆయప్ప కూడా మంచోడే కదా అన్నాడు.

నంజమ్మ మేడమీదికి వచ్చి నా మంచం మీద కూలబడింది. నీళ్ళిస్తే తాగలేదు.

“నన్ను నమ్మినాడని మురిసిపోతిని. నాకూ కొత్తిమీర బండికీ తేడా లేకపోయె కదే కృపమ్మా.”

అందరికీ ఐదు వేసే మనిషి నీకూ ఐదు వేస్తే అందులో నీకొచ్చింది ఏముంది? ఆ సంగతి ఆమెకు నేను చెప్పకుండానే తెలిసిపోయింది. అందుకే నాకు అంత బాధ వేసింది.

మర్నాటి నుంచి ఆయన పళ్ళు తోముకోకముందే మాత్ర సిద్ధంగా ఉండేది. అంతేకాదు, ఆయన వదిలేసిన ఉద్యోగంలో నంజమ్మ చేరిపోయింది. సిలిండరును ఆమె కాటాకు తగిలించింది. పాల ప్యాకెట్టు ఆమె ఎండకు పట్టింది. ఫిల్టర్లవాళ్ళు నాలుగోవాణ్ణి పంపితే గేటు దగ్గరే అడ్డంగా నిలబడి, వాడి తాత పేరు దాకా అడిగింది. ఒకరోజు నా పైపు దగ్గర అలికిడైతే వెళ్ళి చూశాను. నంజమ్మే. చెవి ఆనించి ఉంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే సిగ్గుపడి పక్కకు జరిగింది. రోజంతా ఎవర్నీ నమ్మకుండా ఉండాలంటే నడుములు విరిగిపోతున్నాయి, ఇన్నాళ్ళు ఈయప్ప ఒక్కడే ఎట్ల చేసినాడో అని వాపోయింది. ఆ మాటలో కొంచెం గౌరవం కూడా ఉంది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక పొద్దున నేను డ్యూటీకి జడ వేసుకుంటుంటే నంజమ్మ ఎగురుకుంటూ మేడెక్కింది. మొహం వెలిగిపోతోంది. ఏమిటక్కా అంటే ఆయాసం తీర్చుకోకుండానే చెప్పింది. మాత్ర ఇస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. నిన్నటిది ఇంకొంచెం తెల్లగా ఉండె, ఇది ఏ అంగడిలో తెచ్చినావు, బిల్లు యాడ అని అడిగాడట.

“వచ్చేసె కృపమ్మా. అనుమానం వచ్చేసె.”

ఇద్దరం నా గదిలో కూర్చుని టీ తాగి పండగ చేసుకున్నాం. మధ్యాహ్నానికి తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది. సాయంత్రానికి ఆయన నా పైపు దగ్గరికి చేరాడు. నా పండగ అక్కడితో ముగిసింది.

మళ్ళీ పరీక్షకు వెళ్ళే ముందు నంజమ్మ తన పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒకటి నా చేతిలో పెట్టింది. డాక్టరమ్మకు చెప్పి ఆ ఫొటోల మధ్య దీన్ని కలిపించమని బతిమాలింది. ఎందుకక్కా, ఇన్నాళ్ళూ పడింది చాలదా అన్నాను. ఇప్పుడేస్తాడు చూడు, అదే నిజమైన మార్కు అంది. నాకు ఆ మనిషి మీద ముందే కోపం వచ్చేసింది. ఆశ డాక్టరమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఇది పరీక్ష లెక్కలోకి రాదని చెప్పింది. తను కూడా ఒకటి చేసింది. ఆసుపత్రి ఫైలులో ఉన్న వెంకటగిరియప్ప ఫొటో తీసి అందులో కలిపింది.

మేమిద్దరం వెనక గోడ పక్కన బెంచీలో కూర్చున్నాం. ఆయన ఫొటోలు చూడడం మొదలుపెట్టాడు. ఒకటి. ఒకటి. ఎర్రకళ్ళ మనిషికి సున్నా ఉందా అని అడిగాడు, లేదంటే ఒకటి వేశాడు. బోసినవ్వు నవ్వే ముసలామెకు కూడా ఒకటే. ఇట్ల నవ్వేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండల్ల డాక్టరమ్మా అని సలహా ఇచ్చాడు. ఆయన పూర్తిగా బాగుపడ్డాడని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

నంజమ్మ ఫొటో వచ్చింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. మా ఇంటామె ఫొటో మీ దగ్గరికెట్ల వచ్చె అని డాక్టరమ్మను నిలదీశాడు. ఆమె ఏదో సర్దిచెప్పింది. ఆయన ఫొటోను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. పక్కన నంజమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుని నొప్పి పెడుతున్నా నేను చెయ్యి లాక్కోలేదు.

“రెండు,” అన్నాడు.

నంజమ్మ నా చెయ్యి వదిలేసింది. లేచి, కొంగు సర్దుకుని, బయటికి వెళ్ళిపోయింది.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఎక్కేముందు ఆయన ఆటో నంబరు ఫొటో తీసుకున్నాడు, డ్రైవరు మొహం కూడా. మందుల సంచీని ఒడిలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. నంజమ్మ మధ్యలో కొయ్యలా కూర్చుంది. నాకు ఆ మనిషిని ఆటోలోంచి దించేయాలన్నంత కోపంగా ఉంది. మడివాళ దాటాక ఆమె రోడ్డు వంక చూస్తూనే అడిగింది.

“ఇన్నేండ్లు నీ ఇల్లు చూసినదానికి రెండా?”

“తక్కినోళ్ళందరికీ ఒకటేస్తిని. నీకొక్కదానికే రెండు.” ఆయన సంచీ కేసి చూసుకుంటూ చెప్పాడు. “నా ఫొటో కూడా పెట్టింది ఆయమ్మ. దానికీ ఒకటే. ఊరూపేరూ తెలీనోనికి స్కూటరిచ్చిన మనిషిని ఎట్ల నమ్మేది?”

నంజమ్మ ఆయన వైపు తిరిగింది.

“అయితే మూడెయ్యకూడదా?”

“నోటి దాకా ఐదే వచ్చె. ఐదంటే, ఇంకా నయం కాలేదని మళ్ళా మాత్రలు రాసేస్తాదే ఆయమ్మ.”

ఆయన నోటి వెంట ఇంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడవాల్సిన మనిషి నంజమ్మ కాబట్టి ముక్కు చీది ఊరుకున్నాను. నంజమ్మ ఏడవలేదు. చెయ్యి చాచి, ఆయన ఒడిలోంచి మందుల సంచీ తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. ఆయన వదిలేశాడు. బొమ్మనహళ్ళి వచ్చేదాకా ఆ సంచీ వంక చూడకుండా, డ్రైవరు దారి సరిగ్గా పోతున్నాడో లేదో చూసుకుంటూ కూర్చున్నాడు.